చాచీ విడిచిపెట్టని చెయ్యి

నా చిన్నప్పుడు మా కామారెడ్డి బజారులో రెండంతస్తుల కాంప్లెక్సు ఒకటి కట్టారు. ఇప్పుడు అలాంటివి సందుకొకటి ఉన్నాయి, ఆ మెట్లు చూస్తేనే నాకు మోకాళ్ళు గుంజుతాయి. అప్పుడు మాత్రం అబ్బో, అదొక వింత. కింద అద్దాల దుకాణాలు, పొద్దుగూకితే ట్యూబులైట్లు, నున్నని మొజాయిక్ గచ్చు. గాంధారి లాంటి ఊళ్ళ నుంచి వచ్చిన జనం ఏమీ కొనకపోయినా ఒకసారి లోపలికి తొంగిచూసి పోయేవారు.

దానికోసం రోడ్డు పక్కనున్న రేకుల డబ్బా కొట్లన్నీ తీసేశారు. వాటిలో ఒకటి మా పక్కింటి చాచీది. ఆమె గాజులమ్మేది. అమ్మడమంటే పొట్లం కట్టి ఇవ్వడం కాదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతికి సబ్బు రాసి, వేళ్ళ కణుపులు మెత్తబడేదాకా నొక్కి, తానే ఎక్కించేది. ఎక్కిస్తుంటే పగిలిన గాజు ఆమె నష్టం కిందికే. కాంప్లెక్సులో ఆమెకు పైఅంతస్తులో మూలగది దొరికింది. దొరికి ఏం లాభం? కింద అద్దాల దుకాణంలోనే గాజులు దొరుకుతుంటే మెట్లెక్కే పుణ్యాత్ములెవరు? ఈ పెండ్లిళ్ళ కాలంలో కూడా పైకి జనం రాకపోతే గదిని ఫొటో స్టూడియోకు ఇచ్చేస్తానని కాంప్లెక్సు యజమాని సేటు చెప్పి పోయాడు. భర్త లేని మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. రోజంతా మెట్ల వైపే చూస్తూ కూర్చునేది.

మా అమ్మ బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చేతిలో కత్తెర, అదే మా బతుకు. ఎల్లారెడ్డిలో మా చిన్నమ్మ పెండ్లి వచ్చింది. పెండ్లికి పోతే పని ఆగుతుంది కదా, అందుకని ముందే చుట్టి ఇచ్చేయాలని అమ్మ రాత్రుళ్ళు కన్ను మూయలేదు. ఆ రోజు బీడీలు కారఖానాలో అప్పజెప్పి, సాయంత్రం బస్సుకు ముందు గాజులు వేయించుకోవాలని నన్ను తీసుకుని కాంప్లెక్సు మెట్లెక్కింది. మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగింది.

ఎడమచేతికి గాజులు ఎక్కాయి. కుడిచెయ్యి మొండికేసింది. ఏళ్ళ తరబడి ఆకు చుట్టిన చెయ్యి, వేళ్ళు కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాయి. చాచీ పుట్టింటి ముచ్చట్లు అడుగుతూ కణుపులు పిసుకుతోంది. అమ్మ జవాబు చెబుతూ చెబుతూ ఆగిపోయింది. చూస్తే నిద్ర. తల గోడకు ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది, గాజు ఇంకా కణుపుల మీదే ఉంది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదని ఊరికే అన్నారా!

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. భిక్నూరు నుంచి పెండ్లివారు, ఒక గుంపు ఆడవాళ్ళు. చాచీ ముఖం వెలిగిపోయింది. అంతలోనే అమ్మ చేతి వైపు చూసుకుంది. చెయ్యి వదిలితే గచ్చుకు తగిలి గాజు పగులుతుంది, లాగితే అమ్మ లేస్తుంది. వేలు పెదాల మీద పెట్టుకుని, కూర్చోమని వాళ్ళకు చాప చూపించింది.

“ఏందమ్మా, మాకు బస్సు టైమైతున్నది. ఆమెను లేపి మాకు సూపియ్యి” అంది వాళ్ళలో పెద్దావిడ.

“జర ఆగుండ్రి అక్కా, ఇప్పుడే కన్నంటుకున్నది” అని చాచీ గుసగుసగా బతిమాలింది.

వాళ్ళు కాసేపు గొణుక్కుని దిగిపోయారు. కింది అద్దాల దుకాణంలోంచి వాళ్ళ నవ్వులు వినబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. అమ్మను తట్టి లేపబోతే చాచీ రెండో చేత్తో నన్ను ఆపింది.

“గాజులు రేపు గుడ అమ్ముకుంట బేటీ. మీ అమ్మకు గీ నిద్ర రేపు దొరుకుతదా?”

సబ్బు ఎండి అమ్మ చేతి మీద తెల్లగా పొలుసులు కట్టింది. చాచీకి చెయ్యి తిమ్మిరెక్కిందేమో, భుజం అటూ ఇటూ కదిపింది గానీ వదల్లేదు. మెట్ల మీది ఎండ గోడెక్కాక అమ్మ ఉలిక్కిపడి లేచింది. “అయ్యో, పండుకున్ననా?” అని సిగ్గుతో చితికిపోయింది. చాచీ చటుక్కున గాజు లోపలికి తోసి, చెమట తుడుచుకుంటున్నట్టు కొంగు ముఖానికి అద్దుకుంది.

“యాడ పండుకున్నవ్? గట్ల రెప్ప పడ్డదంతే. ఏం చెయ్యే తల్లీ నీది, గింతసేపు దీంతోనే కొట్లాడిన!” అని నా వైపు చూసి కన్నుగీటింది.

అమ్మ నమ్మింది. పెండ్లిళ్ళ కాలం దాటగానే ఆ గది స్టూడియో అయింది. చాచీ గంప నెత్తికెత్తుకుని మళ్ళీ వాడవాడా తిరిగింది. ఆ ఒక్క బేరం పోయినందుకే గది పోయిందని అనను, కానీ నా మనసు ఇప్పటికీ అటే పోతుంది. అమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ, తన చేతితో కొట్లాడి చాచీ అంతటిదే అలసిపోయిందని నవ్వుతూ చెప్పుకునేది. ఆ నవ్వును నేను చెడగొట్టలేదు.

ఇప్పుడు నాకూ ఓపిక తగ్గింది. ఎల్లారెడ్డి బస్సెక్కితే ఎక్కడ తల వాలుద్దామా అనే ఉంటుంది. అయినా పనికిపోయి వస్తున్న ఆడమనిషి ఎవరైనా నా భుజం మీద తల వాల్చి నిద్రపోతే కదలను. మొన్న ఒకామె అట్లాగే పడుకుంది. ముక్కూ మొహం తెలియదు, చేతులకు మట్టి ఇంకా ఆరలేదు. నేను దిగాల్సిన చోటు కిటికీలోంచి కనబడి, దాటిపోయింది. కాసేపటికి ఆమె గాభరాగా లేచి, “అవ్వా, నువ్ యాడ దిగాలె?” అనడిగింది.

“ఇంకా ముందటున్నది బిడ్డా, పండుకో” అన్నాను.