లేని రోడ్డు మీద మా మేనత్త

మా మేనత్త పోయింది. నేను గుడివాడలో ఒకాయనకి ఆయన ఇంకా కట్టని ఇల్లు చూపిస్తూ ఉండగా బందరు నుంచి పక్కింటావిడ ఫోన్ చేసింది. "టీచరుగారు కుర్చీలోనే తల వాల్చేశారమ్మా, తొందరగా వచ్చెయ్" అంది. నేను బస్సు దిగేలోపే మా చుట్టాల ఫోన్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టేశారు. కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. నిద్రించడమేమిటి నా మొహం! మధ్యాహ్నం పూట కునుకు తీసేవాళ్ళని అత్త మనుషుల కిందే లెక్కేసేది కాదు. ఆ బొమ్మలు పెట్టినవాళ్ళలో సగం మందిని ఆవిడ బతికుండగా గుమ్మంలోంచే పంపించేసింది.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడిక రోజున మా నాన్న మైకు పుచ్చుకున్నాడు. ఆయన అత్తకి సొంత తమ్ముడు. "మా అక్క నోరు తెరిచి అడిగింది ఏనాడూ కాదనలేదండీ" అని భోరుమన్నాడు. చర్చి నిండా ముక్కులు చీదారు. ఏడుపు నిజమే, నేను కాదనను. మాటే శుద్ధ అబద్ధం. అడిగింది ఇవ్వకుండా అడగనిది తెచ్చి నెత్తిన రుద్దడాన్ని మా వంశంలో ప్రేమ అంటారు. అక్కడ అత్తే ఉంటే కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టేది. ఎదుటివాడు చెత్త మాట్లాడుతున్నంతసేపూ కొంగుతో అద్దాలు తుడుస్తూనే ఉండటం ఆవిడ అలవాటు. ఆ తుడుపు చూసి మాట మధ్యలో లేచి వెళ్ళిపోయిన పెద్దమనుషులు బందరులో చాలామందే ఉన్నారు. మైకు దగ్గర నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నోరు తెరిస్తే ఏమొస్తుందో తెలిసి, ఇంటికొచ్చి రాసుకుంటున్నాను.

ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. "తెలీదు అనడానికి సిగ్గుపడేవాడికి లెక్కలు రావే. తెలుసు అనడానికి సిగ్గుపడనివాడికి చచ్చినా రావు" అనేది. పాలిటెక్నిక్‌లో చేరిన ఏడు నేను ఆవిడ ఇంట్లో దిగాను, ఇప్పటిదాకా అక్కడే ఉన్నాను. నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తానని చెప్పినప్పుడు మావాళ్ళందరూ నవ్వారు. అత్త మాత్రం తన ముందుగది ఖాళీ చేసి ఇచ్చింది. వచ్చిన పార్టీలతో, "మా అమ్మాయి గీసింది గీసినట్టు కట్టుకోండి. మీ బావమరిది చెప్పినట్టు మార్చుకుంటానంటే ఆ బావమరిది చేతే గీయించుకోండి" అని ఖరాఖండీగా చెప్పేది. నా పొట్టకూడు ఆవిడ నోటి చలవే.

అంత నోరున్న మనిషికి ఒక్క కోరిక మాత్రం తీరలేదు. కారు నడపాలి. మావయ్య ఉన్నన్నాళ్ళూ ఇంట్లో కారుంది. "పెళ్ళాం చేతికి స్టీరింగిస్తే బజార్లో నవ్వుతారు" అనేవాడాయన. ఆయన్ని చూసి బజారు ఎప్పుడూ నవ్వుతూనే ఉండేదని ఆయనకి తెలీదు, పాపం. ఆయన పోయాక కారుని మా నాన్న కోడూరు తోలుకుపోయాడు. అత్త అడిగితే, "నీకెందుకక్కా ఆ పాట్లు? ఫోన్ కొట్టు, నేనొచ్చి ఎక్కించుకుపోతా" అన్నాడు. అత్త ఫోన్ కొట్టేది. ఈయన కోడూరు నుంచి వచ్చేసరికి అక్కడ పెళ్ళి అయిపోయి, భోజనాలు అయిపోయి, షామియానా విప్పుతూ ఉండేవాళ్ళు.

తర్వాత నీటికాసుల జబ్బు వచ్చి ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్ను కూడా కొద్దికొద్దిగా మసకేయడం మొదలైంది. "రోడ్డు మీద బండి నడిపే ఆలోచన పెట్టుకోకండి టీచరుగారూ" అన్నాడు కంటి డాక్టరు. "ఆలోచన పాతికేళ్ళ నాడే పెట్టుకున్నానండీ. తీసెయ్యడానికే మీ దగ్గర మందుందా?" అంది అత్త. ఆయన మందుచుక్కలు రాసిచ్చాడు.

పార్టీలకి వాళ్ళ ఇల్లు ముందే చూపించడానికి నేను కళ్ళకి కట్టుకునే హెడ్‌సెట్ ఒకటి కొన్నాను. అది పెట్టుకుంటే కట్టని ఇంట్లో తిరిగినట్టే ఉంటుంది. అత్త దాన్ని పెట్టుకుని ఉయ్యూరు కామందు ఒకాయన మూడంతస్తుల మేడ అంతా తిరిగి, "ఇందులో మనుషులెక్కడుంటారే? అన్నీ మెట్లే" అని విసుక్కుంది. ఊరికే సరదాకి లారీ నడిపే ఆట ఒకటి పెట్టి చూపించాను. ఆవిడ మాట్లాడటం మానేసింది. నాకు ఊహ తెలిశాక అత్త అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి.

ఆ వారమే బొమ్మ స్టీరింగు తెప్పించి భోజనాల బల్లకి బిగించాను. కాలి కింద పెడళ్ళు గచ్చు మీద జారిపోతుంటే వాటి వెనక రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టింది. బడి నుంచి వచ్చిన అలవాటు కాబోలు, మంచి చీర కట్టుకుని, సరిగ్గా పదింటికి డ్యూటీ ఎక్కేది. ఏదో చలిదేశంలో దుంగల లోడు. అక్కడివాళ్ళు రోడ్డుకి కుడివైపు నడుపుతారని మొదట్లో మహా చిరాకు పడింది. అయినా ప్రతి మలుపుకీ ఇండికేటరు వేసేది. "గుడివాడ బస్సు డ్రైవర్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టవే, బుద్ధొస్తుంది" అనేది.

చిక్కేమిటంటే నా కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు పాతది. బొమ్మలు గీసేది అదే. ఇళ్ళ గోడలు కదలవు కనక వాటికి సరిపోయింది. లారీ మలుపు తిరిగేసరికి దానికి ఊపిరందదు. బొమ్మ ఒక్క క్షణం నిలబడిపోయి ముందుకి గెంతుతుంది. తల తిరిగినంత వేగంగా బొమ్మ తిరగకపోతే కడుపులో తిప్పుతుంది. అత్త హెడ్‌సెట్ తీసేసి, ఉప్పేసిన నిమ్మసోడా తాగి, నుదుటి చెమట తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేది. "మానేద్దాం అత్తా" అంటే, "ఈ కన్నున్నన్నాళ్ళేగా" అనేది. ఆ కన్ను మూసుకుపోయేలోపు ఆవిడ ఒక్క రోడ్డయినా కుదుపు లేకుండా నడపాలన్నదే నాకు పట్టుకుంది.

కార్డు మార్చాలా వద్దా? మా వైపు ఒక దిక్కుమాలిన పద్ధతుంది. ఏ వస్తువు కొనాలన్నా దాని గురించి తెలిసినవాణ్ణి అడగం. ఆ మధ్య అంతకంటే పెద్ద వస్తువు కొన్నవాణ్ణి అడుగుతాం. కార్డు సంగతి బయటికి పొక్కగానే సలహాలు దిగాయి. కొత్తగా ట్రాక్టరు కొన్న మొవ్వ చుట్టం, "అంత ఖర్చు దేనికి, టీవీ పెద్దది కొనుక్కోమనండి" అన్నాడు. ఆయన భార్య, "ఈ వయసులో ఆటలేమిటండీ, బైబిలు చదువుకోక" అంది. అత్త బైబిల్ని మొదటినుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివిందో ఆవిడకేం తెలుసు? ఆ సలహా ఇచ్చినావిడ గ్రంథం అట్ట తీసేది ఆదివారం ఆదివారమే.

చివరికి ఇద్దరం గుడివాడలో ఒక కంప్యూటర్ షాపుకి వెళ్ళాం. ఆ ఓనరు మమ్మల్ని కూర్చోబెట్టి, హెడ్‌సెట్‌లో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ గీయాలనీ, అందుకే కార్డు మీద రెట్టింపు బరువు పడుతుందనీ చెప్పాడు.

"నా ఎడమ కంటికి కూడా గీస్తోందా?" అంది అత్త.

"గీస్తుందండీ."

"చూపు లేకపోయినా?"

"ఆ సంగతి దానికి తెలీదు కదండీ."

"మరైతే చెప్పండి దానికి. ఒక్క బొమ్మ చాలని."

"ఈ ఆటలో అలా కుదరదండీ. ఇంకా పెద్ద కార్డు వేసుకోవడమే."

అత్త కళ్ళజోడు తీసింది. బస్టాండుకి నడుస్తున్నప్పుడు, "చూడని కంటికి చాకిరీ చేసి, చూసే కంటి దగ్గరికొచ్చేసరికి ఆయాసపడుతోంది. అచ్చం మన చుట్టాల్లాగే ఉందే నీ కార్డు" అంది. నేను రోడ్డు మీద పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "కొనాలా అక్కర్లేదా అన్నది లెక్క. ఏది కొనాలన్నది బేరం. లెక్క తేలకుండా బేరానికి పోకూడదు" అంది. లెక్క మాత్రం ఆ కుడి కన్ను ఎన్నాళ్ళుంటుందన్న దగ్గరే ఆగిపోయేది. నా కంప్యూటరు డబ్బాకి సరిపడే మధ్యరకం కార్డు ఒకటి నేను చూసి పెట్టుకున్నాను. అత్త "ఊఁ" అనడమే తరువాయి.

ఈలోపు సంగతి మా నాన్న చెవిన పడింది. ఆయనకి కోడూరు అవతల రొయ్యల చెరువులున్నాయి. పక్క చెరువువాడు ఎంత మోటారు పెడితే ఈయన దానికంటే ఒక అంకె పెద్దది పెడతాడు. రొయ్యలకి అవసరమా అని ఏనాడూ చూడలేదు. "ఎన్ని హెచ్‌పీ కార్డే అది?" అని అడిగాడు ఫోన్లో. కార్డుకి హెచ్‌పీ ఉండదు నాన్నా అంటే, నేను దాస్తున్నాననుకున్నాడు. వారం తిరక్కుండా దొరికినవాటిలోకల్లా పెద్ద కార్డు ఒకటి తెప్పించి, పాస్టరుగారిని వెంటబెట్టుకుని బందరు వచ్చేశాడు. మావాళ్ళలో కొత్త వస్తువేదైనా ప్రార్థన అయ్యాకే వాడతాం. పాస్టరుగారు చక్కగా ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి, కార్డునీ నా సీపీయూ డబ్బానీ మార్చి మార్చి చూసి, "ఇది అందులో పడుతుందాండీ?" అన్నారు. ఆ ఇంట్లో ఆ పూట పుట్టిన తెలివైన మాట అదొక్కటే.

పడలేదు. నాలుగు వేళ్ళ పొడవు బయటికొచ్చింది.

"వాపసు ఇచ్చేద్దాం నాన్నా" అన్నాను.

"ఇచ్చిందాన్ని వాపసు తీసుకోవడమేంటే? కోడూరులో మన వెల్డింగ్ షాపుంది. నిమిషం పని" అన్నాడు.

నేను అడ్డం పడ్డాను, అరిచాను. అప్పటికే డబ్బా ఎత్తి కారులో పెట్టేశాడు. అత్తా నేనూ వెనకే ఎక్కాం. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లకి ఇనప చట్రాలు చేసే షాపు అది. నేను వైర్లు పీకుతూ "లోపలి బోర్డు విప్పాలి, ఆగండి" అంటూనే ఉన్నాను. "రేకే కదమ్మా కోసేది, బోర్డు జోలికెందుకు పోతాం" అంటూ మా నాన్న తనే గ్రైండరు పట్టుకున్నాడు. నిప్పురవ్వలు లేచాయి. ఇనప రజను బోర్డంతా రాలింది. ఉఫ్ ఉఫ్‌మని ఊదాడు. నేను వద్దు మొర్రో అంటుంటే అక్కడే కార్డు దూర్చి స్విచ్చి వేశాడు. టప్‌మని చప్పుడొచ్చింది, కాలిన వాసన కొట్టింది. అంతే, పాత కార్డుతో నడిచిన కాస్త రోడ్డు కూడా పోయింది.

"ఏం కాదులే, ఇంతకంటే పెద్ద కంప్యూటరు కొందాం" అన్నాడు మా నాన్న. ఛీ, ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత బోర్డు మార్పించి, ఆయన తెచ్చిన కార్డుని అవతల పారేసి, నా లెక్క ప్రకారం మధ్యరకందే వేయించాను. బొమ్మ గెంతడం మానేసింది. అత్త హెడ్‌సెట్ పెట్టుకుని ఒక కొండ దిగి, "బాగుందే" అని తీసి నా చేతికిచ్చేసింది. మళ్ళీ అడగలేదు. ఎందుకడగలేదో చెప్పాలంటే వెల్డింగ్ షాపు దగ్గర ఆ మధ్యాహ్నం జరిగింది చెప్పాలి.

కాలిన వాసన ఇంకా పోలేదు. ఆవిడ కళ్ళజోడు తీస్తుందని ఎదురుచూశాను. తీయలేదు. దాన్ని ముక్కు మీద సరిగ్గా సర్దుకుని మా నాన్న ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"తాళాలివ్వు."

"ఎందుకక్కా? ఎక్కడికెళ్ళాలో చెప్పు, నే తీసుకెళ్తా."

"ఒరేయ్, ఉన్న రోడ్డెలాగూ ఇవ్వలేదు. లేని రోడ్డు మీద నా పాటికి నేను తిరుగుతుంటే అదీ తగలెట్టావు. ఇవ్వు."

"అక్కా, నీకు కన్ను..."

"ఒకటుంది. అది కూడా పోయాక ఇస్తావా?"

మా నాన్న నా వైపు చూశాడు. నేను చెరువుల వైపు చూశాను. ఆయన జేబులో చెయ్యి పెట్టి, చాలాసేపు వెతుకుతున్నట్టు నటించి, తాళాలిచ్చాడు. కారు ఆయన కొత్తగా కొన్నదే, గేర్లు మార్చే పని లేదు. షాపు వెనకే మా చెరువు గట్టు మొదలవుతుంది. మేత బండి వెళ్ళేందుకు వెడల్పు చేయించిన గట్టు. ఆ వేళప్పుడు దాని మీద మనిషి లేడు. నేను అత్త ఎడం పక్క కూర్చున్నాను, ఆవిడకి కనపడని అంచు చెబుదామని. చెప్పాల్సిన పని పడలేదు. ప్రతి నాలుగు గజాలకీ మెడ మొత్తం తిప్పి ఎడమ అంచు తనే చూసుకుంటోంది. కారు నడక కంటే మెల్లగా పోతోంది. రెండు పక్కలా నీళ్ళు. మా నాన్న లుంగీ ఎగ్గట్టుకుని, పరిగెత్తుకుంటూ వచ్చి కారు ముందుకి చేరాడు. "ఆపక్కా, ఆపు" అని కాసేపు అరిచాడు. కారు ఆగలేదు, గట్టు అంచు దాటలేదు. ఇక చేసేదిలేక వెనక్కి వెనక్కి నడుస్తూ, లారీ క్లీనరులాగా రెండు చేతులూ ఊపడం మొదలుపెట్టాడు. "రానీ అక్కా... రానీ... రానీ..."

అత్త హారన్ మీద చెయ్యి పెట్టింది. తీయలేదు.