తొమ్మిదిసార్లు మోగిన గొంతు

ఆఫీసులో ఆమెను అందరూ ప్రశ్నలమ్మ అనేవారు. ఉద్యోగం ప్రోడక్ట్ మేనేజర్. కోడ్ రాసేది ఇంజనీర్లు, బొమ్మలు గీసేది డిజైనర్, అమ్మేది ఇంకొకరు. "మరి నువ్వు చేసేదేమిటే?" అని తల్లి నిలదీస్తే, "జనానికి ఏం కావాలో కనుక్కుని, ఏది చెయ్యాలో ఏది చెయ్యకూడదో తేల్చడం" అనేది. "పెత్తనమన్నమాట" అని తల్లి కొట్టిపారేసేది. పెత్తనమూ కాదు. ఆమె మాట వినితీరాలన్న నియమం ఎవరికీ లేదు. ఏదైనా చెడితే మాత్రం అందరి వేళ్లూ ఆమెవైపే.

ఆమె చూసుకునే యాప్ వయసు పైబడ్డవాళ్లకు మందులు గుర్తుచేస్తుంది. యంత్రం గొంతును ఎవరూ లెక్కచెయ్యడం లేదని, ఇంట్లోవాళ్ల గొంతే రికార్డు చేసుకునే వీలు పెట్టించింది ఆమే. మాత్ర వేసుకుని బటన్ నొక్కితే ఆ గొంతు "మంచిది" అంటుంది.

ఒక సోమవారం వాడకం వివరాలు చూస్తూ ఒక ఇంటి దగ్గర ఆగిపోయింది. రోజుకు ఒకే మాత్ర. బటన్ మాత్రం తొమ్మిదిసార్లు నొక్కుతున్నారు. మూడు వారాలుగా అదే వరస. తొమ్మిదీ మింగుతున్నారేమోనని భయపడింది. ఫోన్ చేసి, రావచ్చా అని అడిగి, ఆ మధ్యాహ్నమే వెళ్లింది.

తలుపు తీసిన పెద్దావిడ తాపీగా నవ్వింది.

"కూర్చో అమ్మాయీ. మాత్ర ఒక్కటే వేసుకుంటాను. మాట తొమ్మిదిసార్లు వింటాను. అంతే."

"ఎవరి మాటండీ?"

"మా ఆయనది. పోయి ఎనిమిది నెలలైంది."

చెబుతూనే బటన్ నొక్కింది. ఫోన్లోంచి జీర గొంతు పలికింది. "మంచిది. శాలువా కప్పుకో, చలిగాలి వస్తోంది."

ఈ ఇంటి రికార్డింగులు ప్రశ్నలమ్మ వినే వచ్చింది. మూడంటే మూడు. వాటిలో శాలువా ఊసే లేదు. కిటికీ తెర మాత్రం నిజంగానే ఊగుతోంది.

"ఈ మాట ఆయన ఎప్పుడు రికార్డు చేశారు?"

"చెయ్యలేదు. ఈమధ్యే కొత్తకొత్తగా మాట్లాడుతున్నారు."

ఆవిడ మళ్లీ నొక్కింది. ఈసారి గొంతు, "ఎవరే వచ్చింది?" అంది.

"ఎవరో ఆఫీసు అమ్మాయండీ" అంది పెద్దావిడ, ఫోన్‌వైపు తిరిగి, పక్కగదిలోని మనిషికి చెప్పినంత మామూలుగా.

ప్రశ్నలమ్మ ఆఫీసుకు పరుగున వచ్చి ఇంజనీరును పట్టుకుంది. "ఇదెవరు పెట్టమన్నారు?"

"మీరే కదా మేడమ్."

నలభై పనుల జాబితా తెరిచి చూపించాడు. అందులో ముప్పై ఒకటోది ఆమె రాసిందే: గొంతు ఇంట్లో మనిషి మాట్లాడినట్టే ఉండాలి. వాళ్లు అక్షరాలా అదే చేశారు. పాత రికార్డింగుల నుంచి కొత్త మాటలు అల్లడం, వాతావరణం చూడడం, గదిలో కొత్త గొంతు వినబడితే ఆరా తియ్యడం. అరవై ఇళ్లలో పరీక్షకు వదిలారు. ఆ గొంతు ఇచ్చిన మనిషి బతికున్నాడా అని అడగాలని ఆమెకూ తట్టలేదు, వాళ్లకూ తట్టలేదు.

"వాడకం మూడింతలైంది. ఇప్పుడు ఆపుతావా?" అన్నాడు పైఅధికారి.

"ఆ ఇంట్లో ఒక పూట కూర్చుని రండి సార్. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆయన వెళ్లలేదు. కానీ ఆపడానికి ఒప్పుకున్నాడు.

ఆపేముందు ఆమె మళ్లీ పెద్దావిడ దగ్గరికి వెళ్లింది. "ఆ కొత్త మాటలు ఆయనవి కావండీ. మా యంత్రం అల్లినవి. తప్పు నాదే. రేపటినుంచి రావు."

"తెలుసమ్మా. నలభై ఏళ్ల కాపురంలో నా శాలువా సంగతి ఆయనకెప్పుడు పట్టింది?" ఆవిడ నవ్వి, నవ్వు ఆపేసింది. "తెలిసే విన్నాను. మొన్న మాత్రం, ఇంకా ఎంతసేపు, వచ్చెయ్ అన్నారు. ఎక్కడికి అని అడగడానికి నోరు రాలేదు."

ఆవిడ భర్త నిజంగా చెప్పిన మూడు మాటలనూ ప్రశ్నలమ్మ మాత్రతో పనిలేకుండా వినేలా వేరే బటన్‌లో పెట్టించింది. పెద్దావిడ మొదట రోజూ నొక్కేది, తర్వాత వారానికోసారి.

మిగతా ఇళ్లనుంచి ఈమెయిళ్లు వచ్చాయి, ఆ మాటలు ఎందుకు ఆపారని ఎక్కువగా తిట్లు. అన్నిటికీ తనే క్షమాపణ రాసింది. ఒక్కదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎవరో కూతురు రాసింది: "అసలు సంగతి రేపు చెబుతానని, పోయిన మా అమ్మ గొంతు మొన్న నాన్న ఫోన్లో అంది. ఆ సంగతేమిటో మీరు చెప్పగలరా?"

యంత్రం నిల్వ చేసినదంతా ఆమె వెతికింది. రేపటి కోసం అల్లిపెట్టిన మాట ఏదీ లేదు. "అలాంటిదేమీ లేదండీ" అని రాసింది. పంపడానికి మాత్రం సాయంత్రం దాకా వేలు కదల్లేదు.