నేరమంతా డబ్బాదే

ధర్మేందర్‌కు ఉన్న ఒకే ఒక్క జబ్బు, ఏ వస్తువునూ మొత్తంగా మార్చనివ్వకపోవడం. ఇబ్రహీంపట్నంలో కంప్యూటర్ల దుకాణం పెట్టుకుని, కొత్తది కొంటామని వచ్చినవాళ్లను తిట్టి పంపే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. "మొత్తం మార్చుడెందుకన్నా, గింత మారిస్తే సాలు" అంటూ వేలి కొస చూపిస్తాడు. అతని స్కూటర్‌కు ఇంజను, సీటు, చక్రాలు, హ్యాండిల్ అన్నీ అట్లా గింత గింత మారిపోయాయి. నంబరు ప్లేటొక్కటే మిగిలింది. అయినా అది పెళ్లినాటి స్కూటరేనని అతని వాదన.

"ఇంట్ల ఏది ఖరాబైనా కొత్తది తేడు బాలస్వామన్నా. జర నువ్వన్న చెప్పు" అని అతని భార్య రేణుక ఒకసారి నాతో మొరపెట్టుకుంది.

"నీ అదృష్టమే చెల్లె, నిన్ను గూడ మార్చడు గదా" అన్నాను.

ఆమె నవ్వలేదు. నా హాస్యానికి మా ఊళ్లో మొదటినుంచీ గిరాకీ తక్కువే.

ఇక నా సంగతి. తహసీల్ ఆఫీసు ఎదురుగా, ధర్మేందర్ దుకాణం పక్కనే నా టైపింగ్ దుకాణం. దరఖాస్తులు, అఫిడవిట్లు, కిరాయి అగ్రిమెంట్లు కొట్టి ఇస్తాను. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే పనిచేస్తుంది. ఎడమచేయి కీబోర్డు జారిపోకుండా పట్టుకుంటుంది. వట్రసుడి ఎక్కడుందో నేను వెతికి పట్టుకునేలోగా, ఎదురుగా కూర్చున్న మనిషి వెళ్లి చాయ్ తాగి రావచ్చు. అయినా నా వేగం మీద నాకెన్నడూ అనుమానం కలగలేదు. నేరమంతా నా కంప్యూటర్‌దే. తెల్లగా పుట్టి పసుపుపచ్చగా మారిన పాత డబ్బా అది.

ఇంతలో రోడ్డుకు అవతల మనోజ అనే అమ్మాయి టైపింగ్ దుకాణం తెరిచింది. ఆమె పది వేళ్లతో టకటకా కొట్టేది. నా గిరాకీలు ఒక్కొక్కరే రోడ్డు దాటసాగారు. ఇట్లాగే సాగితే షట్టరు దించేసి ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూర్చోవాలి. ఆ పనీ నిదానంగానే చేస్తానని నా భార్య సునందకు అప్పుడే బెంగ పట్టుకుంది.

"కొత్త కంప్యూటర్ కొంట. గిది మస్తు స్లో" అని ధర్మేందర్‌కు చెప్పాను.

అతను వచ్చి నా పక్కన అరగంట కూర్చున్నాడు. స్క్రీన్ వైపు ఒక్కసారీ చూడలేదు. నా వేలినే చూశాడు.

"ప్రాసెసరన్నా" అన్నాడు చివరికి. "కంప్యూటర్‌కు అది మెదడు లెక్క. పాతదైంది. మొత్తం మార్చుడెందుకు, గింత మారిస్తే సాలు."

మర్నాడు డబ్బా విప్పి, దోసెడు దుమ్ము తీసి, పాత చిప్పు పీకి, మరొకటి పెట్టి, దాని మీద తెల్ల పేస్టు రాసి ఫ్యాను బిగించాడు. నిజం చెప్పాలి, మీట నొక్కగానే కంప్యూటర్ చటుక్కున తెరుచుకుంది. కిరాయి అగ్రిమెంటుకు మాత్రం ఎప్పటిలాగే ఒక పూట పట్టింది.

"ఇంక స్లోనే ఉన్నది గదా?"

"మదర్‌బోర్డు పాతదన్నా. కొత్త కోడలు ఇంట్ల కలవాల్నంటే జర టైం వట్టదా?"

రెండేళ్లయినా ఆ కోడలు కలవలేదు. గిరాకీలు గొణిగినప్పుడల్లా ధర్మేందర్ పక్కనుంచి వచ్చి డబ్బా మీద తట్టేవాడు. "అన్న చెయ్యి మస్తు స్పీడు సార్. మిషనే అందుకుంటలేదు. నేనే రిపేరు సక్కగ చెయ్యలే." వాళ్లు అతణ్ణి నాలుగు తిట్టుకుని, నా మీద జాలిపడి, మళ్లీ కూర్చునేవారు. పోను పోను ధర్మేందర్‌కు రిపేరు రాదనే మాట ఊళ్లో పాకింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటను అందరికంటే ఎక్కువ మోసింది నేనే.

ఒకరోజు అతనికి చెప్పకుండా పట్నం పోయి కొత్త కంప్యూటర్ తెచ్చాను. నల్లటి డబ్బా, అద్దం తలుపు, లోపల నీలం లైట్లు. ధర్మేందర్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎంత పని చేస్తివన్నా."

"ఏందీ, నీ గిరాకి పోయిందని ఫికరా?"

"నాది గాదన్నా, నీది."

కుళ్లుబోతు మాట అనుకున్నాను. అంతలో ఆదిభట్లలో ఉద్యోగం చేసే ఒకతను వచ్చాడు. "కిరాయి అగ్రిమెంటు సార్. ఇంకో గంటల కంపెనీ బస్సున్నది, అయితదా?"

"కొత్త మిషన్, చిటికెల అయితది" అన్నాను.

అరగంటకు ఇంటి యజమాని తండ్రిపేరు దాకా చేరాను. కంప్యూటర్ తన పని ముగించుకుని నా తర్వాతి అక్షరం కోసం లైట్లు వెలిగించుకుని కూర్చుంది. అతను స్క్రీన్ చూశాడు, లైట్లు చూశాడు, తర్వాత నా వేలిని చూశాడు. ఇన్నేళ్లలో ఏ గిరాకీ కన్నూ దాని మీద పడలేదు.

"మిషన్ మంచిదే ఉన్నది గద సార్" అని మెల్లగా అని, కాగితాలు తీసుకుని మనోజ దుకాణానికి పోయాడు.

నేను ధర్మేందర్ ముందు నిలబడ్డాను. "నీకు ఎప్పట్నుంచి ఎరుక?"

"పక్కన కూసున్న దినం నుంచే. ప్రాసెసర్ గింత మారిస్తే సాలు గని, నీ వేలిని నేనెట్ల మారుస్త?"

"మరి నీకు పని రాదని ఊరంత అంటుంటే?"

"నాదేమున్నదన్నా. ఇంకో మిషన్ బాగుచేసి చూపిస్త. నీ గిరాకి రోడ్డు దాటితే మళ్ల వస్తదా?"

ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. అతని గురించి నేను ఊళ్లో చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

అతను అదేమీ పట్టించుకోలేదు. స్క్రూడ్రైవర్ అందుకుని కొత్త కంప్యూటర్ లోపలి సామానంతా ఊడదీసి, నా పాత పసుపు డబ్బాలో పెట్టి బిగించాడు. నీలం లైట్లు ఒక సంచిలో వేసి నా చేతికిచ్చాడు. "లోపల నీ ఇష్టం. డబ్బా మాత్రం మార్చకన్నా."

మొన్న మారెమ్మ అనే ముసలామె పింఛను దరఖాస్తుకు వచ్చింది. చాలాసేపు చూసి, "ఇంకెంతసేపు బిడ్డా?" అంది. ధర్మేందర్ ఎప్పుడొచ్చాడో, డబ్బా మీద తట్టాడు. "అన్న చెయ్యి స్పీడేనమ్మా. మిషన్ పాతది."

మారెమ్మ లేచి వచ్చి డబ్బాను నిమిరింది. "పాపం, నా లెక్కనే ముసల్దయింది. మెల్లగనే కొట్టు బిడ్డా, దాన్ని తొందరవెట్టకు."

"అవ్ మారెమ్మా" అన్నాను. 'వృద్ధాప్య' దగ్గర ఆగిపోయి, వట్రసుడి కోసం వెతుక్కుంటున్నాను.