పోశమ్మ పెట్టిన బొట్టు

పోశమ్మ గురించి ఎవరో ఒకరు రాయాలి. నేను ఊరి బడిలో ఏడో తరగతి చదివినవాణ్ణి. బతకడానికి గుజరాత్ వచ్చాక, ఈ ఉధ్నాలో మన నేతవాళ్లకు సంఘం పెట్టించింది నేను, మన గల్లీకి నల్లా తెప్పించింది నేను. ఇదీ నేనే రాస్తాను. కోపంతోనే రాస్తాను.

పోశమ్మ పెనిమిటి లక్ష్మీరాజం మరమగ్గం దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. అప్పటికి అతనికి ఒక్క ఫొటో లేదు. దినాలకు పటం కావాలి. శవానికి స్నానం చేయించి, తల దువ్వి, కుర్చీలో కూర్చోబెట్టాం. వెనక దుప్పటి కట్టి, దాని చాటు నుంచి భుజాలు పట్టుకున్నది నేనే. మూసిన కళ్ల మీద స్టూడియో అతను కుంచెతో తెరిచిన కళ్లు గీశాడు. ఆ పటానికి మొక్కుకుంటూ, కూలికి చీరల దారాలు కత్తిరిస్తూ పోశమ్మ బిడ్డను పెంచింది. తాపీ నది వరదలో ఆ పటమూ పోయింది.

ఇప్పుడు నది ఒడ్డున పాత కోఠీ బంగళాను బాగుచేసి జాతీయ ఫొటో మ్యూజియం పెట్టారు. మూతపడ్డ స్టూడియోల్లో మిగిలిన ఫొటో కాపీలు, సామాను కొన్నారు. అందులో లక్ష్మీరాజం ఫొటో ఉందని విని పోశమ్మను తీసుకుపోయాను.

నిలువెత్తున ఉంది. కింద, 'పని ముగించుకుని హాయిగా కూర్చున్న కార్మికుడు' అని చీటీ. ఒక అమ్మాయి అతనిలాగే మెడ వాల్చి సెల్ఫీ దిగుతోంది. వెనక ఇంకో నలుగురు వరసలో ఉన్నారు.

"ఆయన సచ్చిపోయిండని చెప్పన్నా. నవ్వులాట బంద్ చెయ్యమను," అంది పోశమ్మ.

ఆఫీసరుకు హిందీలో చెప్పాను. "కళ్లు తెరిచే ఉన్నాయి కదా, కాకా," అన్నాడు.

"గీసిన కళ్లవి. ఆ దుప్పటి వెనక ఉన్నది నేను."

"అర్జీ పెట్టండి. కమిటీ చూస్తుంది."

"ఎన్ని కమిటీలను చూసిన్రా నేను," అని తెలుగులోనే మొదలుపెట్టాను.

"అన్నా, జర నీ లొల్లి ఆపు," అంది పోశమ్మ. పొద్దున గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం కొంగుముడి నుంచి తీసింది. ఫొటో అద్దం మీద, సరిగ్గా అతని నుదుటి చోట బొట్టు పెట్టి, దండం పెట్టుకుంది.

ఆ అమ్మాయి ఫోను దించేసింది. వరస చెదిరిపోయింది. బొట్టు పెట్టి మొక్కిన పటం పోయినవాళ్లదని గుజరాతీలకు చెప్పాలా?

"తుడువు," అన్నాడు ఆఫీసరు. వాచ్‌మన్ గుడ్డ తెచ్చాడు కాని చెయ్యి లేపలేదు.

"నువ్వే తుడుచుకో సాబ్. మా ఇంట్లోనూ నాయన పటం ఉంది," అన్నాడు.

చీటీ ఇంకా మార్చలేదు. బొట్టు మాత్రం ఎవరూ తుడవలేదు. సోమవారం దండతో పోతున్నాం. ఆపేవాళ్లు ఆపి చూడాలి.