గోడ వెనుక సూర్యుడు

కోదాడలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగించుకుని బస్టాండులో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. మిర్యాలగూడలో మా ప్రార్థన మందిరానికి ఎదురుగా గోదాము ఉన్న బియ్యం వ్యాపారి. "సారూ, అద్దాల పెద్దాయన పోయిండు. పొద్దున, సూర్యాపేట దవాఖానల. నిద్రలనే పోయిండంట" అన్నాడు. నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు. ఆ వ్యాపారీ నేనూ ఒకే మనిషి కోసం ఇలా ఫోన్ పట్టుకుని నిలబడతామని మూడేళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉంటే, వాణ్ణి అబద్ధ ప్రవక్త అనేవాణ్ణి.

సహోదరులారా, పెద్దాయన మన సంఘం మనిషి కాడు. మా సందు మొదట్లో ఆయన షాపు. బీరువాలకు, సెలూన్లకు అద్దాలు కోసేవాడు, పటాలకు ఫ్రేములు కట్టేవాడు. కొత్త అద్దం వస్తే ముందు దాని మీద గోరు ఆనించేవాడు. మన గోరుకూ లోపల కనిపించే గోరుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. పూత గాజు వెనుక ఉంటుంది కనుక బొమ్మ మన గోరును అంటుకోదు. ఆ సందు చూసి గాజు మందం చెప్పేసేవాడు. చిన్నతనంలో పెన్‌పహాడ్ దిక్కున గొర్రెలు కాశాడు. పగిలిన అద్దం ముక్కతో ఎండను పట్టి, అవతలి గుట్ట మీదున్న అన్నకు బువ్వ వేళయిందని మెరిపించేవాడట. "ఎండను గూడ తోలొచ్చు సారూ, గొర్ల లెక్కనే. జర ముంగట నిలబడి మలపాలె, అంతే" అనేవాడు.

ఆదివారం షాపు మూసి మా మందిరం మెట్టు మీద కూర్చునేవాడు. చెప్పులు విప్పేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. రమ్మంటే, "ఈడికే మంచిగ ఇనపడుతది. నువ్వు గొంతు లేపితే నా షాపుల అద్దాలు గూడ ఇంటయి" అనేవాడు.

ఒక ఆదివారం అద్దం చేత పట్టుకుని ప్రసంగించాను. ఇది అబద్ధికురాలు, కుడిని ఎడమ చేస్తుంది, లోకమూ ఇంతే అని గర్జించాను. ప్రార్థన అయ్యాక పెద్దాయన మెట్టు మీద నుంచి పిలిచాడు.

"సారూ, గా అద్దం నీకేం జేసింది? ఎందుకు బద్నాం జేస్తున్నవ్?"

"కుడిని ఎడమ చేయదా పెద్దనాయనా?"

"కుడి చెయ్యి లేపు." లేపాను. "అద్దంల ఏ దిక్కు చెయ్యి లేసింది? నీ కుడి దిక్కుదే గదా. నెత్తి నెత్తి కాడ్నే ఉంది, కాళ్ళు కాళ్ళ కాడ్నే ఉన్నయి. నువ్వు గటు మొఖం పెట్టినవ్, అది గిటు పెట్టింది. ముందు ఎనకలను మలిపింది, ఇంకేం జెయ్యలె. నువ్వే దాని తావుల నిలబడ్డట్టు అనుకొని కుడి ఎడమ అని పరేషాన్ అయితున్నవ్."

నేను ఏ బడిలోనూ వాక్యం నేర్వలేదు. తప్పు తెలిస్తే దిద్దుకోవడం ఒక్కటే నా చదువు. మరుసటి ఆదివారం సంఘం ముందు ఒప్పుకున్నాను. మా అవ్వల్లో ఒకామె లేచి, "అయితే పోయిన వారం నేనన్న ఆమేన్ వాపసు తీస్కోవాల్నా?" అని అడిగింది. మెట్టు మీద నుంచి నవ్వు వినిపించింది.

ఆ అవ్వల గురించి చెప్పాలి. ఏడుగురు. అరవై దాటాక నా దగ్గర అక్షరాలు దిద్ది, వేలు పెట్టి కూడబలుక్కుంటూ గ్రంథం చదవడం మొదలుపెట్టారు. మా మందిరానికి మూడు వైపులా ఇళ్ళ గోడలే. ఉత్తరం వైపు సందులోకి ఒక్క కిటికీ. ఎదుటి ఖాళీ జాగా మీది ఆకాశమే మా దీపం. ఆ జాగాలో వ్యాపారి రెండంతస్తుల గోదాము లేపాడు. మందిరం పట్టపగలే మసకబారింది. ట్యూబులైట్లు వేశాం, కరెంటు నిలకడ లేదు, ఉన్నా అవ్వల కళ్ళకు అక్షరాలు అలుక్కుపోయేవి. ఇద్దరు రావడం మానేశారు. "కండ్లకు కనపడనప్పుడు వచ్చి ఏం జెయ్యాలె" అని కబురు పంపారు.

నేను మైకు అతని గోడ వైపు తిప్పాను. ప్రతి ఆదివారం ఆ గోడను శపించాను. కట్టినవాడి పేరు కూడా ఎత్తాను, సిగ్గుపడుతూ రాస్తున్నాను. అతను కిటికీలు మూసి తన భక్తి పాటలు పెట్టేవాడు. రెండు దిక్కులా దేవుడి పేరే, మధ్యలో అవ్వలకు ఏదీ వినిపించేది కాదు.

ఒక పొద్దున పెద్దాయన నన్ను సందులోకి పిలిచాడు. ఏటవాలు ఎండలో నేల మీద దువ్వెన నిలబెట్టాడు. పళ్ళ సందుల్లోంచి వెలుగు గీతలు బండ మీద పరుచుకున్నాయి. వాటికి అడ్డంగా అద్దం ముక్క పెట్టాడు. గీతలు దానికి తగిలి పక్కకు మళ్ళాయి. వచ్చిన గీత మీదా, పోయిన గీత మీదా సుద్దముక్కతో గీశాడు, అద్దానికి నిటారుగా మధ్యలో మరొకటి. వచ్చిన గీతకూ మధ్య గీతకూ నడుమ ఉన్న వాలుకు కాగితం మడిచి, అదే మడతను రెండో పక్క పెట్టాడు. సరిగ్గా కూర్చుంది. అద్దం వాలు మార్చి మళ్ళీ గీశాడు. మళ్ళీ కూర్చుంది. నేను లాక్కుని నా చేత్తో నాలుగుసార్లు పెట్టి చూశాను. వెంట్రుక వాసి తేడా లేదు. ముప్పై ఏళ్ళుగా విధేయత గురించి అరుస్తున్నవాణ్ణి, సహోదరులారా, ఇంత విధేయతను ఎన్నడూ చూడలేదు. వచ్చిన వాలునే పోవాలని ఆ ఎండకు ఎవరు చెప్పారు? బండ మీద మోకాళ్ళూని అలాగే ఉండిపోయాను.

"మీ కిటికీ లోపటికి గిట్లనే మలపొచ్చు" అన్నాడు పెద్దాయన.

"అద్దం ఎక్కడ పెట్టాలి?"

ఆయన తలెత్తి గోదాము గోడ పైభాగాన్ని చూపించాడు. "దక్షిణం ఎండ మీ కప్పు మీదికెల్లి గాడనే పడుతది. ఇంకో తావు లేదు."

"ఆ మనిషిని నేను అడగను."

"అద్దం ముంగట నిలబడి నువ్వు ఒక్కడుగు ఎనకకు పోతే లోపలాయన గూడ ఒక్కడుగు ఎనకకే పోతడు. ఎంత దూరంల ఉంటే అంత దూరంలనే ఉంటడు. ముందల నువ్వు నడువు సారూ."

రెండు రోజులు నడవలేదు. మూడో రోజు ఆ ఇద్దరు అవ్వల్లో ఒకామె సందులో ఎదురై, గ్రంథం గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశానని చెప్పింది. నేరుగా వెళ్ళి గోదాము తలుపు కొట్టాను. వ్యాపారి అంతా విని, తలుపులోంచి మా మైకు వైపు చూశాడు.

"మైకు అటు తిప్పుతవా సారూ?"

"తిప్పుతాను. నీ పేరెత్తినందుకు అదే మైకులో క్షమాపణ కూడా చెబుతాను."

"గదేమొద్దు. మళ్ళ నా పేరే ఎత్తుతవ్" అన్నాడు. "నిచ్చెన మా తాననే ఉంది."

బీరువా అద్దమంత అద్దాన్ని ఇనుప ఫ్రేములో బిగించి, కిందికి వాల్చి పెట్టాడు పెద్దాయన. నన్ను లోపల కిటికీ దగ్గర అరచెయ్యి చాపి నిలబడమన్నాడు. ఆయన మరలు తిప్పుతుంటే వెలుగు ముక్క గోడల మీద పాకుతూ వచ్చి నా అరచేతిలో పడింది. "చాలు" అని అరిచాను. కిటికీకి ఎదురుగా ఉన్న లోపలి గోడకు ముందే సున్నం వేయించాడు. "అద్దం ఒక్క దిక్కుకే తోలుతది, సున్నం గోడ అందరికి పంచుతది" అన్నాడు. నిజమే. ఆ గోడ మీద పడిన వెలుగు మందిరమంతా పరుచుకుంది. ఏడుగురు అవ్వలు వేలు పెట్టి చదివారు.

ఆ రోజు ఆయన నన్ను కిటికీ దగ్గరే నిలబెట్టి, పైకి చెయ్యి చూపాడు. "నేరుగ సూడకు, కండ్లు పోతయి. ఓరగ సూడు. సూర్యుడు ఏడున్నట్టు కనపడుతున్నడు?" చూశాను. గోదాము గోడకు అవతల, లోపలెక్కడో దూరంగా. "గాడ ఏం లేదు, వడ్ల బస్తాలే ఉన్నయి. అయినా వెలుగు గాణ్ణుంచి వస్తున్నట్టే నీ కన్ను నమ్ముతది" అన్నాడు. నేను శపించిన గోడ వెనుకే సూర్యుడు కనిపించాడు. దాని మీద ఈనాటికీ ప్రసంగం తయారు చేసుకోలేకపోయాను.

ఎండ కదులుతుంది కనుక వెలుగు ముక్క గోడ మీద జరుగుతూ ఉంటుంది. అది మూల దాటితే పెద్దాయన మెట్టు మీద దగ్గేవాడు. నా ప్రసంగం అలా పొట్టిదయింది, సంఘం ఆయనకు రుణపడి ఉంది. సూర్యుడి దారి మారుతుంటుంది గనుక నెలకోసారి నిచ్చెన ఎక్కి మరలు సవరించేవాడు. నడి ఎండాకాలంలో సూర్యుడు ఆ గోడ వెనక్కే పోతాడు. అప్పుడు మాత్రం, "ఇగ ఊకోవాలె, ఆయన గూడ చుట్టాలింటికి పోతడు" అనేవాడు.

పెద్దాయన దవాఖానలో ఉన్న ఆరు వారాలూ అద్దం సవరించేవాడు లేక వెలుగు జరిగి జరిగి కిటికీ పైన చూరు దాకా పోయింది. అవ్వలు మళ్ళీ గ్రంథాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంటున్నారు.

ఈ ఆదివారం పొద్దున మందిరం తలుపు తీసేసరికి గోదాము గోడకు నిచ్చెన వేసి ఉంది. పైన బియ్యం వ్యాపారి, ఒక చేత్తో ఫ్రేమును పట్టుకుని. "పెద్దాయన పోయిన వారమే ఫోన్ల చెప్పిండు, ఏ మర ఎటు తిప్పాల్నో" అన్నాడు. "నువ్వు లోపల నిలబడు సారూ."

నిలబడ్డాను. అరచెయ్యి చాపాను. వెనుక అవ్వలు గ్రంథాలు తెరిచి కూర్చున్నారు. మెట్టు ఖాళీగా ఉంది.

"వచ్చిందా?"

"ఇంకా లేదు. జర కిందికి."

వెలుగు చూరు నుంచి దిగి, కిటికీ చువ్వలను ఒక్కొక్కటిగా దాటి, నా వేళ్ళ మీదికి, అరచేతిలోకి వచ్చింది. వెచ్చగా ఉంది. చాలు అనాలి. వేళ్ళు ముడిచాను, వెలుగు పిడికిలి మీదికి ఎక్కింది. పైన అతను మర మీద చెయ్యి అలాగే పెట్టి, ఆ మాట కోసం ఎదురు చూస్తున్నాడు.