నక్షత్రం చల్లారకూడదని

మా అమ్మాయి గ్రేస్ పుణె దగ్గర పరిశోధన చేస్తోంది. మూడేళ్ల క్రితం పేలిన ఒక నక్షత్రాన్ని అప్పటినుంచీ గమనిస్తోంది. దాని వెలుగు కంటికి కనిపించడం ఎప్పుడో మానేసింది. తర్వాత ఎక్స్‌రేలూ ఆగిపోయాయి. రేడియో తరంగాలు మాత్రం ఇంకా సన్నగా వస్తున్నాయట. ఈ నెల టెలిస్కోపు మీద సమయం దొరక్కపోతే అవి కూడా చేజారిపోతాయని, ఇన్నేళ్ల పని మధ్యలో ఆగిపోతుందని నిన్న ఫోన్లో ఏడ్చింది. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఈ రోజు గుడివాడలో మా స్త్రీల కూడికలో ప్రార్థన అవసరతలు అడిగినప్పుడు లేచి ఈ సంగతే చెప్పాను.

పక్కనున్న సుగుణ, "చచ్చిపోయిన చుక్క కోసం ప్రార్థనేంటి వదినగారూ? పిల్లకి మంచి సంబంధం రావాలని అడుగుదాం," అంది. అందరూ నవ్వారు.

"చావలేదమ్మా. పైపొర పేలిందంతే. ఆ సెగ ఇంకా ఉంది," అన్నాను.

పాస్టరమ్మగారు నవ్వలేదు. మోకరించి, కళ్లనీళ్లతో, "ప్రభువా, ఆ నక్షత్రాన్ని స్వస్థపరచు. దాని మంట చల్లార్చు తండ్రీ," అని ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నాకు మాత్రం నోరు రాలేదు. అది చల్లారితే మా పిల్ల ఏమైపోవాలి?

ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, ఇంకొన్నాళ్లు దాన్ని మండనివ్వమని వేడుకున్నాను. ఫోన్ ఇంకా మోగలేదు. ఒకే సంఘం నుంచి ఒకే రోజు ఇలా రెండు ప్రార్థనలు వెళ్తే ఆయన దేన్ని వింటారో, తెలిసినవాళ్లు చెప్పండి.