మల్లేశం మామ పాతిన టెంకలు

కోరుట్ల బస్టాండు ముందు ఉడకబెట్టిన గేగుల వాసన తగిలితే చాలు, నా కాళ్లు ఆగిపోతాయి. తాటి టెంకను పాతితే ముందుగా మట్టిలోకి దిగే మొలకలు ఆ గేగులు. అందరూ తినడానికి కొంటారు. నేను మల్లేశం మామ కోసం కొంటాను. ఆయన పోయి నాలుగేళ్లయింది, అయినా కొంటాను.

చదువు కాగానే కోనరావుపేట వైపు ఒక గ్రానైటు క్వారీలో చేరాను. అప్పటికి అక్కడ రాయి అయిపోయింది. గుంత అంచులు వాలుగా చెక్కి, చుట్టూ మట్టికట్ట పోసి, మొక్కలు బతికించి చూపితేనే గనుల శాఖవారు యజమాని పూచీగా కట్టిన బాండు సొమ్మును విడుదల చేస్తారు. ఆ ఫైలు నడపడం నా పని. "తనిఖీల ఫెయిలైతే నువ్వు ఇంటికే" అన్నాడు యజమాని. దుబాయిలో నడుము విరిగి వచ్చిన నాన్నకూ, ఇంటికీ నా జీతమే దిక్కు. మల్లేశం మామ అక్కడి మేస్త్రి, ఒకప్పుడు కల్లు గీసిన మనిషి.

తనిఖీకి రెండు రోజుల ముందు మెట్‌పల్లి నర్సరీ నుంచి మొక్కలు తెప్పించి, తొందరలో ప్లాస్టిక్ సంచులతోనే పాతించేశాను. మామ చూసి నవ్వాడు.

"చెట్టు పెడుతున్నవా బిడ్డా, జెండా పాతుతున్నవా?"

నాకు ఒళ్లు మండింది. "వానకాలం నువ్వు కట్ట మీద పాతిన తాటి టెంకలేవి మామా? ఒక్క ఆకన్న కనబడుతుందా?"

"తాటిచెట్టు ముందుగాల కిందికి పోతది, అటెన్క మీదికి జూస్తది. నీ లెక్క ఆగమాగం గాదు."

తనిఖీకి వచ్చిన అధికారి ఒక మొక్కను పట్టి లాగాడు. సంచితో సహా చేతికొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. నర్సరీవాళ్ల తప్పని చెప్పబోతుంటే మామ అడ్డొచ్చాడు. "తప్పు మాదే సారు. జర గిటు రాండ్రి." కట్ట తవ్వి, మూరెడు దిగిన గేగును తీసి చూపించాడు. అధికారి దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు. "కట్టను గివి పట్టుకుంటయి. మిగతా మొక్కలు మళ్ల పెట్టుండ్రి. రెండు ఎండకాలాలు బతికినంక సంతకం పెడ్త" అని వెళ్లిపోయాడు.

యజమాని ఇంతెత్తున లేచాడు. నన్ను అక్కడికక్కడే పొమ్మన్నాడు. మామ తలకు చుట్టిన తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు.

"గీ బిడ్డను పీకితే నన్ను గూడ పీకుండ్రి. మొక్కలను ఎవలు బతికిస్తరో మీరే జూస్కోండ్రి."

యజమాని జీపెక్కి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం నిలిచింది.

రెండు ఎండకాలాలు ఇద్దరం బిందెలతో నీళ్లు మోశాం. బాండు విడుదలైన రోజు ఉత్తర్వు చదివి వినిపిస్తే మామ ఒక్కటే అడిగాడు. "నా టెంకల ముచ్చట రాసిండ్రా?"

"రాసిండ్రు మామా" అన్నాను. రాయలేదు. ఆయనతో నేనాడిన అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు జగిత్యాలలో గనుల శాఖలో పనిచేస్తూ తనిఖీ నివేదికలు రాసేది నేనే. ఏ క్వారీకి వెళ్లినా మోకాళ్ల మీద కూర్చుని మొక్క మొదలు తడిమి చూస్తాను. కట్ట మీద ఎవరైనా టెంకలు పాతి ఉంటే, ఒక్క ఆకు రాకపోయినా, వాటిని మొదటి వరుసలో రాస్తాను.